పాత ఫొటోలోని ఆ పొడవాటి కారు ఏదో కనిపెట్టడం ఎలా

అమెరికాలో 1960, 70ల్లో పెరిగినవాళ్లని చిన్నప్పటి కారు గురించి కదిపి చూడండి. "ఓడంత బండి, పెద్ద వీ8 ఇంజిన్, నాన్న ఒక్కసారి తొక్కితే సీటుకి అతుక్కుపోయేవాళ్లం" అంటారు. ఏ మోడల్ అంటే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్తారు.

అందుకే పేరూ హార్స్‌పవరూ అడగొద్దు. అది స్టేషన్ వ్యాగన్ (పైకప్పు వెనక దాకా సాగి, చివర అదనపు సీటో సామాను చోటో ఉండే పొడవాటి కారు) అయితే "చివరి సీట్లో ఎటు తిరిగి కూర్చునేవాళ్లు?" అని అడగండి. కంపెనీ పేరు మర్చిపోయినా ఇది మర్చిపోరు. ఒకళ్లకొకళ్లు ఎదురుగా, మోకాళ్లు తగులుతూ కూర్చున్నామంటే 1965 తర్వాతి పెద్ద ఫోర్డ్ వ్యాగన్ అయ్యే అవకాశం ఎక్కువ. ముందుకే తిరిగి కూర్చున్నాం, వెనక తలుపు తీస్తే అద్దం పైకప్పులోకి, కింది భాగం నేల కిందికి మాయమయ్యేది అంటే ఇక వెతకక్కర్లేదు, 1971-76 మధ్య జనరల్ మోటార్స్ పెద్ద వ్యాగన్. నెత్తిమీద కప్పులో అద్దం ఉండేదంటే ఓల్డ్స్‌మొబైల్ విస్టా క్రూయిజర్ ఫొటోలు చూపించండి. వెనక్కి తిరిగి కూర్చుని వెనక వచ్చే కార్లవాళ్లకి చేతులూపాం అంటే మాత్రం ఏమీ తేలదు, అలాంటివి చాలా కంపెనీలు చేశాయి. పక్కల చెక్క ఉండేదన్న మాటా అంతే, అప్పటికి అది చాలావరకు చెక్కలా కనిపించే వినైల్ స్టిక్కరే.

ఇప్పుడు ఫొటో తీసుకుని భూతద్దం పెట్టండి. ముందూ వెనకా పక్కల చిన్న లైట్లుంటే 1968 లేదా ఆ తర్వాతి మోడల్. ముందు బంపర్ దూలంలా బయటికి పొడుచుకొస్తే 1973 నుంచి, వెనకది కూడా అలాగే ఉంటే 1974 నుంచి అని లెక్క. హెడ్‌లైట్లు దీర్ఘచతురస్రంగా ఉంటే 1975కి ముందుది కాదు. ఫొటో అంచున నెల, ఏడాది అచ్చయి ఉంటే అది ప్రింట్ వేసిన తేదీ. రీలు కెమెరాలోనే నెలల తరబడి పడి ఉండొచ్చు, దాన్ని పూర్తిగా నమ్మకండి.

పాత ఇన్సూరెన్స్ కాగితమో రిజిస్ట్రేషనో దొరికితే పని సగం అయిపోయినట్టే. వాహన నంబరులో (VIN, అంటే కంపెనీ వేసే గుర్తింపు సంఖ్య, నంబర్ ప్లేటుది కాదు) 17 అక్షరాలుంటే 1981 లేదా ఆ తర్వాతిది, పదో అక్షరం మోడల్ ఏడాది చెప్తుంది. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి దానిదే. 1972-80 జనరల్ మోటార్స్ కార్లలో ఐదో అక్షరం ఇంజిన్‌ది, "మాది 454" (క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు) అని గొప్పలు చెప్పిన బాబాయ్ మాట నిజమో కాదో అక్కడ తేలిపోతుంది.

పవర్ దగ్గర గొడవ తప్పదు. పాత అంకెలు గ్రాస్, అంటే ఇంజిన్‌ని బల్లమీద పెట్టి, కారులో ఉండే బరువులేవీ తగిలించకుండా కొలిచినవి. 1972 నుంచి నెట్, అంటే సైలెన్సర్, ఆల్టర్నేటర్ లాంటివన్నీ పెట్టాక మిగిలింది. 1971లో షెవర్లే 454 ఇంజిన్‌కి గ్రాస్ 365 హార్స్‌పవర్, నెట్ 285. ఒకే ఇంజిన్, ఒకే ఏడాది! కాబట్టి అన్నదమ్ములిద్దరూ రెండు అంకెలు చెప్పి పోట్లాడుకుంటుంటే ఇద్దరిదీ నిజమే కావొచ్చు.

మోడల్ తేలాక ఆ ఏడాది బ్రోషర్ నెట్‌లో వెతికి, సీటు గుడ్డ రంగులున్న పేజీ చూపించండి. చూపించేముందే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టుకోండి, ఆ రంగు చూడగానే ఎవరు ఏ కిటికీ దగ్గర కూర్చున్నారో, ఎవరు ఎక్కడ వాంతి చేసుకున్నారో అన్నీ ఒక్కసారే బయటికొస్తాయి, రెండోసారి అడిగితే అంత బాగా చెప్పరు.