పువ్వును విప్పి చూద్దాం – మూడవ పాఠం: పుప్పొడి నుంచి గింజ వరకు

గత పాఠంలో మందార పువ్వును వరుస వరుసగా విప్పి రక్షకపత్రావళిని (మొగ్గను కప్పే పచ్చని పత్రాలు), ఆకర్షణపత్రావళిని (రంగు రేకులు), కేసరావళిని (పుప్పొడినిచ్చే పురుష భాగం), అండకోశాన్ని (గింజలకు మూలమైన స్త్రీ భాగం) కాగితం మీద పరిచి గుర్తుపట్టాము. తోటల్లో పెంచే మందారం సాధారణంగా కాయ కాయదు కనుక, పువ్వు కాయగా మారే క్రమాన్ని తెలుసుకోవడానికి అదే కుటుంబానికి చెందిన బెండను ఈసారి ఎంచుకున్నాను. ఆ ఉదయమే విచ్చిన పువ్వు, కొద్దిగా ముదిరిన కాయ, పదునైన బ్లేడు, భూతద్దం దగ్గర ఉంచుకోండి. బెండ పువ్వు ఒక్కరోజులోనే వాడిపోతుంది కాబట్టి పరిశీలనను మధ్యాహ్నం లోపే ముగించాలి.

ఐదు ఆకర్షణపత్రాలనూ తీసివేస్తే నడుమ నిలువుగా ఒక కాడ మిగులుతుంది. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని కీలమని, అంటే అండాశయం నుంచి పైకి లేచే సన్నని కాడ అని పొరబడతారు. నిజానికి ఇది కేసరాల కాడలైన కేసరదండాలన్నీ కలిసిపోయి ఏర్పడిన గొట్టం. దాని చుట్టూ అంటిపెట్టుకున్న పసుపు బొడిపెలే పుప్పొడి ఉండే పరాగకోశాలు. గొట్టాన్ని బ్లేడు కొనతో పైనుంచి కిందికి మెల్లగా చీల్చండి. లోపల దాగిన సన్నని కీలం, దాని అడుగున అండాశయం, కొనన ముదురు ఎరుపు కీలాగ్రాలు బయటపడతాయి. ఇక్కడ తొందరపడితే కీలం తెగుతుంది; తెగితే మరో పువ్వుతో మళ్లీ మొదలుపెట్టండి, ఎందుకంటే ఈ అమరిక అర్థమైతేనే తరువాతి సంగతి అర్థమవుతుంది.

కీలాగ్రం మీద పుప్పొడి పడటం పరాగసంపర్కం మాత్రమే, ఫలదీకరణం కాదు. కీలాగ్రాన్ని చేరిన పరాగరేణువు (పుప్పొడి రేణువు) మొలకెత్తి, తనకంటే ఎన్నో రెట్లు పొడవైన కీలం గుండా సన్నని పరాగనాళాన్ని పెంచుకుంటూ అండాశయంలోని ఒక అండాన్ని (లోపల స్త్రీబీజకణం ఉండే, తరువాత గింజయ్యే చిన్న భాగాన్ని) చేరి, అక్కడ రెండు పురుషబీజాలను విడుదల చేస్తుంది. ఒకటి స్త్రీబీజకణంతో కలిసి కొత్త మొక్కకు తొలి కణమైన సంయుక్తబీజం అవుతుంది; అదే పెరిగి పిండమవుతుంది. రెండవది అదే అండంలోని ద్వితీయ కేంద్రకంతో కలిసి, పిండానికి ఆహారమయ్యే అంకురచ్ఛదానికి మూలమవుతుంది. పూల మొక్కలకే ప్రత్యేకమైన ఈ ద్విఫలదీకరణను 1898లో రష్యా శాస్త్రవేత్త సెర్గీ నవాషిన్ కనుగొన్నాడు. ఆపైన అండం గింజగా, అండాశయం కాయగా మారుతాయి.

ఒక పరాగనాళం ఫలదీకరించేది ఒక అండాన్నే. అంటే బెండకాయలో ఎన్ని గింజలున్నాయో, కనీసం అన్ని పరాగరేణువులు తమ ప్రయాణాన్ని పూర్తిచేశాయన్నమాట! మొక్కల పునరుత్పత్తిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్న లెక్క ఇదే. కాయను అడ్డంగా కోసి మధ్య అక్షానికి అంటుకున్న గింజలను, వాటిని వేరుచేసే గదులను చూడండి. మరో ముక్కను నిలువుగా చీల్చి, నిండుగా పెరిగిన గింజలను ఒక వరుసలో, ముడుచుకుపోయినవాటిని ఇంకో వరుసలో లెక్కపెట్టి రాసుకోండి. ముడుచుకున్నవాటిలో కొన్ని పరాగనాళం చేరని అండాలు కావచ్చు, మరికొన్ని ఫలదీకరణం తరువాత ఎదుగుదల ఆగినవి కావచ్చు. కంటిచూపుతో మాత్రమే ఈ రెండింటినీ వేరుచేయలేము.

వచ్చే పాఠంలోగా విచ్చిన బెండ పువ్వు ఒకదాని తొడిమకు దారం కట్టి, వారం రోజులపాటు రోజూ అదే వేళకు గమనించండి. రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరనాళం ఏ రోజున రాలాయో, మిగిలిన అండాశయం ఎంత పొడవు పెరిగిందో కొలిచి రాసి ఉంచండి. ఆత్మపరాగసంపర్కం, పరపరాగసంపర్కం గురించి చెప్పుకునేటప్పుడు ఆ కొలతలు అవసరమవుతాయి.