గంట నాటికలో హత్య – ఐదో పాఠం: రమణ ఏం దాస్తున్నాడు?

పోయిన పాఠంలో ఇల్లు కట్టాం, మనుషుల్ని చేర్చాం, దారి మూసేశాం. 2024 నవంబరు. చంద్రగిరి అవతల మామిడితోటలో పాత మిద్దె. వాయుగుండం వానకు స్వర్ణముఖి పొంగి కాజ్‌వే మునిగింది. తోట యజమాని పెద్దాయన, డెబ్బై మూడేళ్ల బక్కమనిషి, తెల్లారేసరికి కాయలు మాగేసే గదిలో, ఆరడుగుల ఎత్తున్న అటక మీద శవమై దొరికాడు. నవంబరులో కాయ ఉండదు కాబట్టి ఆ గది వైపు ఎవరూ పోరు. ఇంట్లో ఉన్నది ఆయన తమ్ముడు, కోడలు, గుమస్తా, వంటమనిషి మునెమ్మ, లెక్కలు చూడటానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఆడిటరు రమణ. వీళ్లు కాక వరద డ్యూటీకి వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయిన సి.ఐ.

ఈ పాఠమంతా రమణదే. నేర నాటికల్లో ఎక్కువగా చెడేది ఇలాంటి పాత్రే: చిన్నప్పుడు దెబ్బలు తిని, ఇప్పుడు నోరు విప్పని మనిషి. ప్రేక్షకుడు అతన్ని చూడగానే ‘వీడే చంపుంటాడు’ అనుకుంటాడు, లేదా ‘వీడి మీద అనుమానం రావాలని పెట్టారు’ అనుకుంటాడు. రెండిట్లో ఏది జరిగినా మన పని పాడైనట్టే.

ముందు కాగితం మీద 1999

కాగితం మధ్యలో గీత కొట్టండి. ఎడమ పక్క 1999, కుడి పక్క 2024. ప్రతి పాత్ర వయసూ రెండు పక్కలా వేయండి. రమణకు అప్పుడు 9, ఇప్పుడు 34. పెద్దాయనకు అప్పుడు 48. మునెమ్మకు అప్పుడు 33, ఇప్పుడు 58. గుమస్తా 2006లో చేరాడు, కోడలు 2010లో కాపురానికి వచ్చింది. అంటే రమణను గుర్తుపట్టగలిగినవాళ్లు ఇంట్లో ముగ్గురే, అందులో ఒకడు చచ్చాడు. ఈ లెక్క వేయకుండా రాయడం మొదలుపెడితే మూడో సీనులో కోడలు ‘ఆ పిల్లోడు నాకు తెలుసు’ అనేస్తుంది.

ఇప్పుడు గతం. రమణ తల్లి ఆ తోటలో కూలి. ఒకరోజు ఆమె కనబడలేదు. పిల్లాడు మిద్దెలో పనికి మిగిలిపోయాడు. పారిపోతాడేమోనని రాత్రిళ్లు మాగేసే గదిలో వరిగడ్డి మీద పడుకోబెట్టి బయట గడియ పెట్టేవాళ్లు. నిచ్చెన మీంచి పడి ఎడమ మోచెయ్యి విరిగితే పుత్తూరు తీసుకుపోయి ఆకు పసరు, గుడ్డు తెల్లసొనతో వెదురుబద్దల కట్టు వేయించారు. ఎముక అతుక్కోకముందే ఆ కట్టు విప్పి పనిలోకి దించారు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేడు. పదకొండో ఏట తిరుపతికి పారిపోయి, రైల్వే స్టేషనులో పోలీసుల కంటబడి, బాలల వసతి గృహంలో చదువుకున్నాడు.

ఇందులో స్టేజీ మీదకు వచ్చేది నాలుగో వంతు. మిగతాది మీకూ నటుడికీ తెలిస్తే చాలు.

పేరు మార్చుకున్నాడని మాత్రం రాయకండి. దొంగ పేరు, దొంగ సర్టిఫికెట్లు పెడితే వాటిని విప్పడానికే పది నిమిషాలు పోతుంది. రమణ సొంత పేరుతోనే వచ్చాడు. ఆ ఇంట్లో అందరూ అతన్ని ‘బుడ్డోడా’ అనే పిలిచారు, పేరేమిటని రెండేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆ ఇంటి గురించి చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

దాచడం కాదు, కావాలనుకోవడం

‘నేను దాస్తున్నాను’ అన్నదాన్ని నటుడు ఆడలేడు. ఆడితే ఏమవుతుందో అందరం చూసిందే: ఓరచూపులు, గడ్డం నిమురుకోవడం, ప్రతి జవాబుకూ ముందు గుటక. నటుడికి కావాల్సింది ఒక పని. రమణకు తన తల్లి ఏమైందో కావాలి. 1999 కూలి పద్దు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. ఆమె లెక్క ఏ తేదీన మూసేశారు, డబ్బు ఎవరు ఎత్తుకున్నారు, వేలిముద్ర ఉందా లేదా, అందుకోసం వచ్చాడు. పగ కోసం కాదు. హత్య జరిగిన రాత్రి అతను గదిలో లేకపోవడానికీ, సి.ఐ.కి సరిగ్గా జవాబు చెప్పకపోవడానికీ కారణం ఇదే. అబద్ధం ఒకటి, నేరం వేరొకటి. ఈ రెంటినీ ప్రేక్షకుడు ఒకటే అనుకోవాలి.

ఆనవాళ్లు: ప్రతిదానికీ రెండు కారణాలు

యాభై అయిదు నిమిషాల నాటికకు నాలుగు ఆనవాళ్లు చాలు. పీడకలలు, వీపు మీద మచ్చలు, లాలిపాట వినగానే కన్నీళ్లు వద్దు. అరిగిపోయాయి, పైగా వాటికి ఒకే అర్థం వస్తుంది. మనకు కావాల్సింది చూసిన క్షణంలో మామూలుగా ఉండి, వెనక్కి తిరిగి ఆలోచిస్తే వేరేగా కనిపించేది. పన్నెండో నిమిషం సీను ఇలా రాయొచ్చు:

మునెమ్మ: ఇంకొంచిం సంగటి పెట్టేదా సార్?
రమణ: చాలమ్మా.
మునెమ్మ: టౌనోళ్లు సంగటిని నములుతా కూచుంటారు. మీరు మింగతా ఉండారే!
రమణ: హాస్టల్లో చిత్తూరోళ్లు ఉండేవాళ్లు. వాళ్లను చూసి నేర్చుకున్నా.
మునెమ్మ: (తలుపు వేయబోతూ) జల్లు కొడతా ఉండాది.
రమణ: ఉండనీమ్మా, గాలి రానీ.
మునెమ్మ: తడస్తా ఉండారు సార్!
రమణ: (కుర్చీ జరుపుకుని) ఇప్పుడు తడవను.

మొదటి రెండు ఆనవాళ్లు, సంగటి మింగడం, తలుపు మూయనివ్వకపోవడం, ఇక్కడే పడ్డాయి. ప్రేక్షకుడు నవ్వుకుని వదిలేస్తాడు. రమణ తలుపు వేయనివ్వలేదు, తానే జరిగాడు. ఈ చివరి మాట తర్వాత మ్యూజిక్ పెట్టే ఆయన్ను ఏమీ వాయించవద్దని ముందే చెప్పండి. ఒక్క వయొలిన్ తీగ మోగినా ‘ఇది గుర్తుపెట్టుకోండి’ అని చెప్పినట్టే.

మూడోది మోచెయ్యి, పందొమ్మిదో నిమిషంలో. అలమర పై అరలో ఫైలు తీయడానికి రమణ స్టూలు వేసుకుంటాడు, కుడిచేత్తోనే తీస్తాడు. కోడలు అడిగితే ‘సైకిల్ మీంచి పడ్డా’ అంటాడు. నాలుగోది ఇరవై ఏడో నిమిషంలో: ట్రంకుపెట్టె ముందు గుమస్తాకు దొరికిపోతాడు. అప్పటినుంచి అనుమానమంతా రమణ మీదే. ఆ అనుమానాన్ని తీసేసేదీ మోచెయ్యే. మనిషిని ఆరడుగుల అటక మీదికి ఎక్కించాలంటే రెండు చేతులూ తలపైకి చాపాలి. అది రమణ వల్ల కాదు. అందుకే మోచెయ్యి సీనును శవం ఎక్కడ దొరికిందో సి.ఐ. చెప్పకముందే పెట్టాలి. వెనక పెడితే అతన్ని తప్పించడానికి రచయిత అతికించినట్టుంటుంది.

రిహార్సల్లో

మోచేతికి మొదటి నాలుగైదు రిహార్సళ్లూ స్కేలు వంచి పెట్టినట్టు కొద్దిపాటి వంపులో క్రేప్ బ్యాండేజి చుట్టండి, తర్వాత తీసేయండి. అప్పటికి ఒళ్లు అలవాటు పడుతుంది. మామూలుగా జరిగే తప్పు: మొదటి సీనులో ఎడమ చెయ్యి వంగి ఉంటుంది, ఆవేశం వచ్చిన సీనులో రెండు చేతులూ బారచాపుతాడు. ప్రతి సీనులో అతను ఏ వస్తువు ఏ చేత్తో పట్టుకుంటాడో స్క్రిప్టు అంచున రాసిపెట్టాలి. ఎడమ చేతికి గడియారం పెట్టకండి, చూసుకునేటప్పుడు చెయ్యి వంచక తప్పదు, ఆనవాలు కలిసిపోతుంది.

రెండో తప్పు మౌనం. మన పరిషత్తు నాటికల్లో వేలాడే మైకుల కింద మూడు సెకన్లు దాటి ఆగితే జనం మాట మర్చిపోయాడనుకుంటారు, పక్కనుంచి ప్రాంప్టరు అందిస్తాడు కూడా. రమణ ఆగకూడదు. అడిగినదానికి వెంటనే, చిన్నగా, నిజంలో సగం చెప్పాలి. ‘మీదే ఊరు?’ అంటే ‘హైదరాబాదులో ఉంటున్నా సార్’. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి, తడబాటు మాత్రం లేదు. గొంతు తగ్గించినా మాట చివరి అక్షరం తినెయ్యకూడదు.

సి.ఐ. వేషం వేసేవాళ్లకు ఒక మాట. ‘302 పెడతా’ అనే పాత డైలాగు ఈ కథలో చెల్లదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, హత్యకు శిక్ష సెక్షను 103. నలభై దాటినవాళ్ల నోటికి 302 అలవాటు, రిహార్సల్లోనే పట్టుకోండి.

బయటపడే సీను

నలభై మూడో నిమిషం. హంతకుడు బయటపడేది యాభై ఒకటిలో. ఈ ఎనిమిది నిమిషాల ఎడం తప్పనిసరి. రెండూ ఒకేసారి పెడితే రమణ కథ హంతకుడి కథకు ఉపోద్ఘాతమైపోతుంది. గతాన్ని రమణ చెప్పకూడదు, మునెమ్మ చెప్పాలి, అదీ సి.ఐ. ఎదుట కాదు. వంటింట్లో, అతను నీళ్ల బిందె కుడిచేత్తో ఎత్తబోతుంటే: ‘ఆ చెయ్యి ఇంకా సాగలేదా బుడ్డోడా?’ అంతే. తర్వాత ఆమె మాటలు ఒకటిన్నర నిమిషం దాటకుండా రాయండి. గడియ ఎవరు పెట్టేవారో, తను ఎందుకు తీయలేకపోయిందో చెప్పాలి. చీకటి గది వర్ణన వద్దు, ఏడుపు వద్దు. రమణ అడిగేది ఒకే ప్రశ్న: ‘మా అమ్మ కూలి డబ్బులు ఎవరెత్తుకున్నారు?’

ఆ పద్దులో రమణ వెతికిన పేజీ చించేసి ఉందని మునెమ్మకు తెలుసు. చించింది గుమస్తానా, తమ్ముడా అన్నది ఇక్కడ చెప్పకండి.

ఈ వారం అభ్యాసం

మీ సొంత నాటికలో నోరు విప్పని పాత్రను తీసుకోండి. రెండు కాలాల పట్టిక వేయండి. అతనికి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి, అందులో ‘పగ’, ‘ప్రతీకారం’ అనే మాటలు ఉండకూడదు. తర్వాత నాలుగు ఆనవాళ్లు, ఒక్కోదానికి రెండేసి కారణాలు. ఏదైనా ఆనవాలుకు రెండో కారణం దొరకకపోతే దాన్ని కొట్టేయండి. చివరగా తినే సీను ఒకటి, పన్నెండు డైలాగులకు మించకుండా. నాటిక తెలియని ఇద్దరికి అది చదివి వినిపించి, ఆ మనిషి ఎలాంటివాడో అడగండి. ఇద్దరూ ‘ఏదో దాస్తున్నాడు’ అంటే మళ్లీ రాయాలి.

ఆరో పాఠంలో గుమస్తా: సి.ఐ. ముందు నేరం ఒప్పుకుంటే అది కోర్టులో సాక్ష్యం కాదు, మరి ముగింపు ఎలా రాయాలి?