సెల్ఫ్ మోటార్ మనమే బాగుచేద్దాం – 3వ పాఠం: కార్బన్ బ్రష్‌లు

కిందటి పాఠంలో బ్యాటరీ, ఎర్త్ కేబుల్ చూశాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా బ్యాటరీ దగ్గర 10 వోల్టులకు పైనే ఉంది, కానీ బండి 'టక్' అని ఊరుకుంటోందా? మోటారును స్పానర్ వెనక వైపుతో మెల్లగా తడుతూ ఇంకొకరిని తాళం తిప్పమనండి. తిరిగిందంటే, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అంటే బ్రష్‌లు అరిగినట్టే అనుకోవచ్చు. మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు, అంటే సోలినాయిడ్, దాని కాంటాక్టులు కాలినా ఇదే టక్కు వస్తుంది. అది వచ్చే పాఠంలో.

మన బండి పాత మారుతి 800. ముందు బ్యాటరీ మైనస్ కేబుల్ తీయండి. సెల్ఫ్‌కి వచ్చే లావు కేబుల్‌కి ఫ్యూజు ఉండదు. మైనస్ తీయకుండా దాని నట్టు విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు రాలతాయి.

మోటారు కిందికి దించాక, విప్పేముందు మూతకీ బాడీకీ కలిపి మేకుతో ఒక గీత గీయండి. బిగించేటప్పుడు ఆ గీతే దిక్కు. మూత తీస్తే నల్లటి పొడి రాలుతుంది. అదంతా అరిగిన కార్బనే.

పాత బ్రష్‌ను కొత్తదాని పక్కన పెట్టండి. సగానికి తగ్గితే మార్చాల్సిందే, అదీ మొత్తం సెట్టు. కొత్త బ్రష్‌కి ఉండే రాగి జడను (అల్లిన వైరు) సోల్డర్ చేసి అతికించాలి. రేడియో పనులకు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఈ లావు జడకు వేడి చాలదు, పెద్దది కావాలి. సీసం జడలోకి పాకితే అది కడ్డీలా బిగుసుకుపోయి బ్రష్ కదలదు. బాడీకి ఎర్త్ అయ్యే బ్రష్‌లు వేరు, కాగితం ఇన్సులేషన్ మీద కూర్చునేవి వేరు. మొదటిసారి నేను ఇన్సులేషన్ బ్రష్ వైరును బాడీకి తగిలేలా వదిలేశాను. పొగ వచ్చాక గాని తెలియలేదు.

ఇక కమ్యుటేటర్, అంటే బ్రష్‌లు రాసుకునే రాగి పలకల చుట్టు. నల్లబడితే సన్నటి గరుకు కాగితం పట్టీ చుట్టి తిప్పుతూ తుడవండి. ఎమరీ గుడ్డ వద్దు, దాని రజను కరెంటును పాస్ చేస్తుంది. రాగి పలకల మధ్య ఉన్న మైకా (కరెంటును పాస్ చేయని పొర) రాగి కంటే అర మిల్లీమీటరు లోతుగా ఉండాలి. సమంగా ఉంటే పళ్ల పక్కలు అరగదీసిన హాక్సా బ్లేడు ముక్కతో గీకండి. ఓపిక కావాలి, నాకు గంట పట్టింది. తర్వాత మల్టీమీటరు ఒక పిన్ను రాగి మీద, ఇంకోటి షాఫ్టు మీద పెట్టండి. బీప్ వచ్చిందా, ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) పోయింది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వైండింగ్ షాపుకే వెళ్లాలి.

బిగించేటప్పుడు బ్రష్‌లను సగం పైకి లాగి, స్ప్రింగును వాటి పక్కకు ఆనించండి. ఆర్మేచర్ లోపలికి దూరాక ఒక్కొక్కటే కిందికి నెట్టండి. షాఫ్టు కొన తిరిగే బుష్‌లో రెండు చుక్కల ఆయిల్ చాలు, కమ్యుటేటర్‌కు మాత్రం తగలనీయొద్దు.

బండికి ఎక్కించేముందు నేల మీదే జంపర్ కేబుళ్లతో తిప్పి చూడండి. కాలితో గట్టిగా తొక్కిపట్టండి, ఎగిరి పడుతుంది. మూడు నాలుగు సెకన్లు చాలు.

ఈలోపు ఇంజను పళ్ల చక్రాన్ని పట్టి తిప్పే గేరును, అంటే బెండిక్స్‌ను మాత్రం పెట్రోలుతో కడగకండి. ఎందుకో వచ్చే పాఠంలో దాన్ని విప్పి చూద్దాం.