ఈస్టర్‌కి ఫ్లోరెన్స్ వెళ్తున్నారా, ఇది చూడండి

ఈస్టర్ ఆదివారం ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉంటే పొద్దున్నే డువోమో (అక్కడి పెద్ద చర్చి) ముందుకి వెళ్లిపోండి, ఆ రోజు స్కోప్పియో దెల్ కార్రో అని బండి పేల్చే వేడుక ఉంటుంది, బాణసంచా నింపిన రెండు మూడంతస్తుల ఎత్తు బండిని తెల్ల ఎడ్లు లాక్కొస్తాయి, 11 గంటల టైమ్‌కి చర్చి లోపల్నుంచి పావురం ఆకారంలో ఉన్న రాకెట్ తీగ మీద దూసుకొచ్చి దాన్ని అంటిస్తుంది, ఇంక పట్టపగలే దీపావళి! పావురం సరిగ్గా వెనక్కి వెళ్తే పంటలు బాగా పండుతాయని వాళ్ల నమ్మకం. చిన్నపిల్లలుంటే మాత్రం మరీ ముందుకెళ్లకండి, సౌండ్ మామూలుగా ఉండదు. మర్నాడు సోమవారం కూడా సెలవే. ఏప్రిల్ చివర్లో వెళ్లేవాళ్లయితే పియాజ్జాలే మైఖేలాంజెలో అనే వ్యూ పాయింట్ పక్కన ఐరిస్ గార్డెన్ మిస్సవకండి, ఏడాదిలో కొన్ని వారాలే తెరుస్తారు.