"తప్పు నాదేనక్కా" అనే మనిషితో ఎలా మాట్లాడాలి

డ్వాక్రా సంఘం లెక్కలు రాస్తాను కాబట్టి ఈ మాట నాకు తరచూ వినబడుతుంది: "కూరలో ఉప్పు ఎక్కువైందక్కా, అందుకే చెయ్యి చేసుకున్నాడు." 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 84 మంది ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. చెప్పకుండా బయటికెళ్లడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామల్ని లెక్కచేయకపోవడం, ఇలాంటివే ఆ కారణాలు. కాబట్టి ఆమెకు తెలివి లేదనుకోకండి. పుట్టినప్పటి నుంచి విన్నదే చెబుతోంది.

ఒంటరిగా ఉన్నప్పుడే మాట్లాడండి. అందరి ముందూ "చెయ్యి కమిలిందేంటి?" అంటే "బాత్రూంలో జారిపడ్డా" అంటుంది, మళ్లీ మీ దగ్గరికి రాదు. నేనైతే సంఘం మీటింగులో సంతకం ఉందని చెప్పి ఆమెను చివరిదాకా ఉంచేస్తాను.

"వాణ్ని వదిలెయ్" అని మొదలుపెట్టొద్దు. మీరు తిడితే ఆమె వెనకేసుకొస్తుంది. ఆమె చెప్పిన కారణాన్నే పట్టుకోండి. "ఉప్పు ఎక్కువైతే మీ ఆయన హోటల్ వాణ్ని కొడతాడా?" అని అడుగుతాను నేను. మేస్త్రీ తిట్టినా తల వంచుకుని వచ్చే మనిషి ఇంట్లో కొట్టేది కోపం ఆపుకోవడం చేతకాక కాదు. జవాబు వెంటనే రాదు. ఆమె ఊరుకుంటే మీరూ ఊరుకోండి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

"నేనేం చేస్తానక్కా, ఇంట్లోనే" అనే మనిషి పాలు పితికి, కూలికెళ్లి, కిస్తీ ఒక్క నెల తప్పకుండా కడుతోంది. పుస్తకం తెరిచి ఆ వరుస మీద వేలుపెట్టి చదివించండి. పొగిడితే నమ్మదు, తన సంతకాన్ని నమ్ముతుంది.

చట్టం సంగతి ఆ తర్వాత. 2005 గృహహింస చట్టం ప్రకారం కొట్టడమే కాదు, బూతులు తిట్టడం, కూలి డబ్బు లాక్కోవడం కూడా హింసే. ఇల్లు ఆయన పేరు మీదున్నా ఆమెకు అందులో ఉండే హక్కుంది. "కేసు పెడితే రోడ్డున పడతాను" అనే భయం చాలామందిలో ఈ ఒక్క మాటతో తగ్గడం చూశాను. సలహాకు 181కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు లాయరు ఉచితం.

మీరు వెళ్లి ఆయన్ను నిలదీయకండి, ఆ కోపం రాత్రికి ఆమె మీదే చూపిస్తాడు. గొంతు పట్టుకున్నాడు, చంపుతానన్నాడు అని చెబితే మాత్రం ఈ నెమ్మది పనికిరాదు. అప్పటికప్పుడు 112కి ఫోన్ చేయించండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఆమె నమ్మే మనిషి దగ్గర పెట్టించండి.