కపకప్పు కవెకయ్యి: పెద్దవాళ్లు మళ్లీ ఆడుకోవడానికి మా ఇంటి పద్ధతులు

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లోవాళ్లతో "కపకప్పు కవెకయ్యి" అని చూడండి. పప్పు వెయ్యమని అర్థం. ప్రతి అక్షరానికి ముందు ఒక 'క' చేర్చి మాట్లాడే క-భాష మనలో చాలామందికి బడి రోజుల్లో వచ్చినదే. నాలుక దాన్ని మరిచిపోదు, కాసేపట్లో దారికి వస్తుంది. హనుమకొండలోని మా ఇంట్లో దీనికి ఒకటే నియమం: మొదటి ముద్ద నుంచి మజ్జిగ వచ్చేదాకా ఎవరి నోట మామూలు తెలుగు వస్తే వారు ఆ పూట గిన్నెలు కడగాలి. డిగ్రీ చదివే మా అమ్మాయి తొందరపడి తడబడుతుంది. మా అత్తమ్మ ఒక్కో అక్షరాన్ని నమిలినట్టు నెమ్మదిగా మాట్లాడి దాదాపు ప్రతిసారీ గెలుస్తుంది. "కచాకరు కచకప్పకగా" అని ఆమె వంక పెడితే కోడలిగా నాకు కోపం రావాలి, కానీ నవ్వాగదు.

నియమం గురించి ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. "కాస్త సరదాగా ఉండండి" అని ఎవరికైనా సలహా ఇస్తే ఆ మనిషి ఇంకా బిగుసుకుపోతాడు. పెద్దవాళ్లను ఆపేది బిడియం. ఆటకు ఒక నియమం, ఒక వేళ, ఒక చోటు ఉంటే ఆ బిడియం నిలవదు. వింతగా ప్రవర్తించినా అది అందరం ఒప్పుకున్న ఆటలో భాగమే అవుతుంది. బతుకమ్మనే చూడండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఉద్యోగాలు చేసేవారు, కూరగాయలమ్మే అవ్వలు, కొత్త పెళ్లికూతుళ్లు అందరూ వేయిస్తంభాల గుడి దగ్గర ఒకే వలయంలో వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ తిరుగుతారు. మిగతా ఏడాదంతా నవ్వు కూడా కొలిచి నవ్వే మా పక్కింటావిడ ఆ సాయంత్రాలు గొంతెత్తి పాడుతుంది. ఎవరికీ వింతగా అనిపించదు.

ఆ తొమ్మిదింటిలో ఆరో రోజంటే నాకు మరీ ఇష్టం. అది అలిగిన బతుకమ్మ. అమ్మవారు అలిగిందని ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యమూ పెట్టరు. పండుగలో అలకకు ఒక రోజు కేటాయించిన ఆ తెలివికి దండం పెట్టి, మేము దాన్ని ఇంటి ఆటగా మార్చుకున్నాం. ఆదివారం ఇంట్లో ఒకరికి అలిగే హక్కు ఉంటుంది, వంతుల వారీగా. అలిగినవారు గోడవైపు తిరిగి కూర్చుని కారణం చెప్పాలి. ఆ కారణం బొత్తిగా అర్థం లేనిదై ఉండాలి. ఆటకు ప్రాణం ఇదే, దీన్ని సడలించవద్దు. "ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరు" అంటే చెల్లదు. అది నిజమైన బాధ, దాన్ని వేరుగా కూర్చుని మాట్లాడుకోవాలి. "పక్కింటి జామచెట్టు మీద వాలిన చిలుక మన దానిమ్మ మీద ఎందుకు వాలలేదు?" అంటే చెల్లుతుంది.

మిగతావాళ్లు బతిమాలాలి, అదీ అంతే తలాతోకా లేకుండా. ఆ చిలుక అలక మా ఆయనది. మా అమ్మాయి చిలుక తరఫున క్షమాపణ పత్రం రాసి, కింద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో కాలి గుర్తు వేసి, పళ్లెంలో పెట్టి తెచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని పైనుంచి కిందదాకా చదివి, "సంతకం బాగానే ఉంది, సాక్షి ఏడి?" అన్నారు. సాక్షిగా అత్తమ్మ తలుపు చాటు నుంచి కాకిలా అరిచింది. నవ్వితే అలక తీరినట్టే లెక్క. ఆయన అక్కడ ఓడిపోయారు.

వరంగల్‌లోని మట్టెవాడలో మాకు మందుల దుకాణం ఉంది. ఎక్కడ ఆడకూడదో నాకు నేర్పింది ఆ కౌంటరే. చేతిలో ఆసుపత్రి చీటీ నలుపుతూ, నిద్ర లేని కళ్లతో నిలబడ్డ మనిషి ముందు ఆట ఊసే ఉండకూడదు. మందు, వేసుకునే వేళ, ధర గౌరవంగా చెప్పి పంపాలి. నెలనెలా బీపీ, షుగర్ మాత్రలకు వచ్చేవారి సంగతి వేరు. వాళ్ల కాగితపు కవరు మీద ఒక పక్క మాత్రల వేళలు రాస్తాను, రెండో పక్క ఒక పొడుపు కథ. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." విప్పేది మళ్లీ వచ్చినప్పుడే. రిటైరైన లెక్కల సారు ఒకరు నెల తిరగకముందే వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా కనురెప్పలు టపటపలాడించి వెళ్లిపోయారు. ఇంకొకావిడ "అక్కా, జవాబు మా మనవడు చెప్పాడు, నా లెక్కలో వేస్తావా?" అని బేరమాడింది. వేశాను. మీ పనిలోనూ ఇలాంటి ఖాళీ జాగా ఒకటి ఉంటుంది: టిఫిన్ డబ్బా మూత, ఆఫీసు బోర్డులో ఒక మూల, పాల సంచి. ఒకసారికి ఒకటే పొడుపు కథ పెట్టండి, జవాబు వెంటనే చెప్పేయకండి. మధ్యలో ఆలోచించే రోజులే అసలు ఆట.

మట్టెవాడ అంటే నేరెళ్ల వేణుమాధవ్ గారి ఊరు. ధ్వన్యనుకరణ (మిమిక్రీ) సామ్రాట్టుగా పేరుపొందిన ఆయన 1932 డిసెంబరు 28న పుట్టి, 2018లో కన్నుమూశారు. ఆయనది సాధనతో వచ్చిన విద్య. మన సరదాకు వంటింటి వస్తువులు చాలు. కుక్కర్‌తో మొదలుపెట్టండి. నాలుక కొనను పై పళ్ల వెనక ఉంచి సన్నగా 'స్‌స్‌స్' అని గాలి వదలండి. మెల్లమెల్లగా పెంచి, ఒక్కసారి పెదవులు సున్నాలా చుట్టి ఈలలోకి మార్చండి. చివర ఈలను తెగ్గొట్టకుండా మళ్లీ 'స్‌స్‌స్'లోకి దించాలి. ఆ దింపడం కుదిరిందంటే పక్క గదిలోంచి ఎవరో వచ్చి పొయ్యి ఆపబోతారు. తరువాత టకటకలాడే సీలింగ్ ఫ్యాను, ఎంత తన్నినా స్టార్టు కాని పాత స్కూటరు. మనుషుల జోలికి మాత్రం వెళ్లకండి. ఒకరి నత్తిని, నడకను, యాసను అనుకరిస్తే అది ఆట కాదు. నేను దాన్ని నా దుకాణంలో గానీ, ఇంట్లో గానీ సాగనివ్వను.

కాజీపేట వంతెన మీద బండ్లు ఆగిపోయి, కింద గూడ్సు వెళ్తుంటే పెట్టెలు సరా, బేసా అని పందెం కట్టండి. బొగ్గు మోసే బండికి మామూలుగా 58 లేదా 59 పెట్టెలు ఉంటాయి, అందుకే ఎవరు గెలిచారో చివరి పెట్టె దాకా తేలదు. ఓడినవారు మిర్చి బజ్జీలు కొనాలి. బండి నడిపేవారు లెక్కపెట్టకూడదు.

ఆడనంటే బలవంతం చేయకండి. నర్సంపేట నుంచి వచ్చే మా బావగారు "ఏమిటమ్మా ఈ చిన్నపిల్లల వేషాలు" అనేవారు. ఆయనను తీర్పరిగా కూర్చోబెట్టాం. పెద్దరికానికి భంగం లేదు, ఆటలోనూ ఉన్నట్టే. ఇప్పుడు అలక చెల్లుతుందా, చెల్లదా అని గంభీరంగా విచారించి మరీ తీర్పు చెబుతారు. ఇంకో మాట: ఎవరైనా వీడియో తీయబోతే ఫోను పక్కన పెట్టించండి. కెమెరా చూడగానే పెద్దవాళ్లు మళ్లీ పెద్దవాళ్లయిపోతారు.

ఒంటరిగా ఉండేవారు ఇంట్లో ఒక వామనగుంటల పలక, గుప్పెడు చింతగింజలు పెట్టుకోండి. సాయంత్రం పలకను వాకిట్లోకి తెచ్చి, "ఆటకు రెండో మనిషి కావాలి, ఆడటం రాకపోతే నేర్పుతాను" అని ఎదురింటివారిని పిలవండి. కాదనేవారు తక్కువ.