గ్రాము నుంచి యోక్టోగ్రాము దాకా: అతి చిన్న ద్రవ్యరాశి ప్రమాణాలను మార్చడం ఎలా?

మిల్లీగ్రాములను మైక్రోగ్రాములుగా మార్చాలంటే వెయ్యితో గుణించాలని చాలామందికి తెలుసు. తప్పులు సాధారణంగా గుణకారంలో రావు. గుణించాల్సిన చోట భాగించడం, సున్నాలు లెక్కపెడుతూ ఒకటి జారవిడవడం, ఈ రెండిటి వల్లే వస్తాయి. కాబట్టి నానోగ్రాము కంటే కిందికి దిగితే సున్నాలు రాయడం మానేయండి. 10⁻⁶ లాంటి పది ఘాతాలతో లెక్క చేయండి, ప్రతి మార్పిడినీ గ్రాము మీదుగా నడపండి.

ముందు ఈ వరుస దగ్గర పెట్టుకోండి. అన్నీ గ్రాముల్లో:

కిలోగ్రాము 10³
గ్రాము 10⁰ (అంటే 1)
మిల్లీగ్రాము 10⁻³
మైక్రోగ్రాము 10⁻⁶
నానోగ్రాము 10⁻⁹
పికోగ్రాము 10⁻¹²
ఫెమ్టోగ్రాము 10⁻¹⁵
అట్టోగ్రాము 10⁻¹⁸
జెప్టోగ్రాము 10⁻²¹
యోక్టోగ్రాము 10⁻²⁴
రాంటోగ్రాము 10⁻²⁷
క్వెక్టోగ్రాము 10⁻³⁰

చివరి రెండూ 2022లో చేరాయి, పాత పుస్తకాల్లో కనిపించవు. ఒక్కో మెట్టుకు తేడా సరిగ్గా వెయ్యి రెట్లు. డెసిగ్రాము (10⁻¹), సెంటీగ్రాము (10⁻²) మాత్రం ఈ వెయ్యి మెట్ల లెక్కలోకి రావు. అవి ఎదురైతే ముందు గ్రాముల్లోకి మార్చేయండి.

మనకు అలవాటైన లక్షలు, కోట్లు ఇక్కడ కొంచెం ఇబ్బంది పెడతాయి. గ్రాముకు 10 లక్షల మైక్రోగ్రాములు, 100 కోట్ల నానోగ్రాములు, లక్ష కోట్ల పికోగ్రాములు. మాటల్లో చెప్పుకోవడానికి ఇది బాగానే ఉంటుంది. కానీ 10,00,000 అని రాస్తే ఎన్ని వెయ్యి మెట్లు దిగామో కంటికి కనబడదు. ఈ లెక్కల వరకు మూడేసి అంకెలకు ఒక కామా పెట్టడమే మేలు.

1వ మెట్టు. ఇచ్చిన సంఖ్యను దాని ప్రమాణపు ఘాతంతో కలిపి గ్రాముల్లో రాయండి. 450 ఫెమ్టోగ్రాములంటే 450 × 10⁻¹⁵ గ్రాములు.

2వ మెట్టు. కావలసిన ప్రమాణపు ఘాతంతో భాగించండి. అంటే మొదటి ఘాతాంకంలోంచి దీని ఘాతాంకాన్ని తీసివేయాలి. 450 ఫెమ్టోగ్రాములు మైక్రోగ్రాముల్లో కావాలంటే: −15 − (−6) = −9. జవాబు 450 × 10⁻⁹, అంటే 4.5 × 10⁻⁷ మైక్రోగ్రాములు. రుణ సంఖ్యను తీసివేయడమంటే కూడడమే. ఇక్కడ −21 వచ్చిందంటే ఆ గుర్తు మరచిపోయినట్టే.

3వ మెట్టు. దిశ సరిచూడండి. చిన్న ప్రమాణంలోకి మారిస్తే సంఖ్య పెరగాలి, పెద్ద ప్రమాణంలోకి మారిస్తే తగ్గాలి. 0.075 మిల్లీగ్రాములు మైక్రోగ్రాముల్లో 75 అవుతుంది. 0.000075 వస్తే వెనక్కి నడిచినట్టు. ఈ ఒక్క పరీక్షకు రెండు క్షణాలు చాలు, దాటవేయకండి.

కిలోగ్రాము దగ్గర మరో చిక్కు ఉంది. అంతర్జాతీయ పద్ధతిలో ద్రవ్యరాశికి మూల ప్రమాణం కిలోగ్రామే, అయినా మిల్లీ, మైక్రో లాంటివి గ్రాముకే తగిలిస్తారు. మైక్రోకిలోగ్రాము అనేది లేదు. భౌతికశాస్త్ర పట్టికలేమో కిలోగ్రాముల్లో ఉంటాయి. ప్రోటాన్ ద్రవ్యరాశి 1.673 × 10⁻²⁷ కిలోగ్రాములు. ఘాతాంకానికి 3 కలిపితే 1.673 × 10⁻²⁴ గ్రాములు, అంటే 1.673 యోక్టోగ్రాములు. ఆ 3 కలపకుండా −27 చూసి రాంటోగ్రాములని రాసేస్తే వెయ్యి రెట్ల తప్పు. ఎలక్ట్రాన్ 9.109 × 10⁻³¹ కిలోగ్రాములు. ఇదే దారిలో వెళ్తే 0.9109 రాంటోగ్రాములు, లేదా 910.9 క్వెక్టోగ్రాములు.

కాల్క్యులేటర్‌లో ఘాతాంకపు మీట (ఈఎక్స్‌పీ లేదా ఈఈ) నొక్కితే "10 ఘాతం" అన్న భాగం అందులోనే ఉంటుంది. 4.5 కొట్టి, మళ్లీ × 10 కొట్టి, ఆపైన ఆ మీట నొక్కితే జవాబు పది రెట్లు పెరుగుతుంది. జవాబు సరిగ్గా పది రెట్లు తేడాగా ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇక గుర్తులు. ఇంగ్లిష్ చిన్న ఎం అంటే మిల్లీ, పెద్ద ఎం అంటే మెగా. చిన్న పీ పికో, పెద్ద పీ పెటా. ఈ రెండిటి మధ్య తేడా 10²⁷ రెట్లు! మైక్రోకు వాడే గ్రీకు మ్యూ అక్షరం చేతిరాతలో ఎం లాగా కనబడితే మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రామైపోతుంది. మందుల విషయంలో అది వెయ్యి రెట్ల మోతాదు. అందుకే చీటీల మీద ఎంసీజీ అనో, మైక్రోగ్రాము అని పూర్తిగానో రాయడం సురక్షితం. విటమిన్ల మీద కనిపించే ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్) అనేది ద్రవ్యరాశి ప్రమాణమే కాదు, పదార్థాన్ని బట్టి మారుతుంది. విటమిన్ డీలో 40 ఐయూ ఒక మైక్రోగ్రాము. ఆ 40ని వేరే విటమిన్‌కు వాడకూడదు.

రక్తపరీక్షల్లో ద్రవ్యరాశి పక్కన ఘనపరిమాణం కూడా ఉంటుంది, రెండూ చూడాలి. మిల్లీలీటరుకు 300 పికోగ్రాములన్నా లీటరుకు 300 నానోగ్రాములన్నా ఒకటే, ఎందుకంటే పైనా కిందా రెండూ వెయ్యి రెట్లు పెరిగాయి. మిల్లీలీటరు అలాగే ఉంచి నానోగ్రాముల్లో రాస్తే మాత్రం 0.3.

మార్చినంత మాత్రాన కొలతలో కచ్చితత్వం పెరగదు. గ్రాము వరకే చూపే తూకంలో 2 గ్రాములు వచ్చినదాన్ని 2,000,000,000,000 పికోగ్రాములని రాస్తే అన్ని అంకెలూ కొలిచినట్టు కనిపిస్తుంది. 2 × 10¹² అని రాయండి. ప్రయోగశాలల్లోని విశ్లేషణ తూకం సాధారణంగా 0.1 మిల్లీగ్రాము వరకే చూపుతుంది. ఒక నానోగ్రాము పదార్థం కావాలంటే దాన్ని తూచరు, పలుచన చేస్తారు. 100 మిల్లీగ్రాములు తూచి, కరిగించి, మొత్తం ద్రావణాన్ని లీటరు చేస్తే మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు ఉంటాయి. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి మళ్లీ లీటరు చేస్తే మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము. ఇప్పుడు ఒక మైక్రోలీటరు తీసుకుంటే అందులో ఉన్నది 1 నానోగ్రాము.